పిల్లలు కూరగాయలు, పండ్లు తింటలేరా? మన దిక్కు అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడాది నుంచి ఐదారేండ్ల లోపు పిల్లలున్నోళ్ల కోసం ఇది. నేను డాక్టర్ను కాదు, హన్మకొండల ఇద్దరు పిల్లల్ని పెంచుతున్న అమ్మను. అంగన్‌వాడిల పనిచేసే మా అక్కను అడిగి, మా పిల్లల డాక్టర్ను అడిగి, ఇంత చదివి తెలుసుకున్నయి కలిపి రాసిన. అన్నీ చదివే టైం లేకపోతే చాయ్ బిస్కెట్ ప్రశ్న ఒక్కటన్న చదవుండ్రి, సగం ఇండ్లల్ల కథ అక్కడ్నే ఉన్నది.

మా బాబు ఏడాది వరకు ఏది పెట్టినా తిన్నడు, రెండేండ్లు దాటంగనే కూర అంటే నోరు మూస్కుంటున్నడు. ఏమైంది వీనికి?

ఏం కాలేదు, ఆ వయసే అంత. మూడు కిలోలతో పుట్టిన పిల్ల ఏడాదికి ఇంచుమించు తొమ్మిది కిలోలు అయితది, అంటే మూడింతలు. రెండేండ్ల నుంచి ఐదేండ్ల దాకేమో ఏడాదికి రెండు కిలోలకు అటు ఇటుగనే పెరుగుతరు. పెరుగుడు నిమ్మళం అయినంక ఆకలి కూడ తగ్గుతది, అది మనకు "తింటలేడు" లెక్క కనిపిస్తది. దీనికి తోడు రెండు నుంచి ఆరేండ్ల మధ్యల కొత్త తిండి అంటే అనుమానం బాగ ఉంటది, నిన్న తిన్నదే అయినా ఇయ్యాల కోసిన తీరు మారితే వద్దంటరు. పుట్టిన పిల్లకు కూడ తీపి నచ్చుతది, చేదు నచ్చదు, అందుకే ఫస్ట్ దెబ్బ ఆకుకూరలకు, కాకరకాయకు పడుతది. మొండితనం అని ముద్ర వెయ్యకుండ్రి.

అసలు ఎంత తినాలె? మా పాప రెండు ముద్దలు తిని లేస్తది.

మనం పెద్దోళ్ల కండ్లతోని కొలుస్తం, అదే సమస్య. హైదరాబాద్ల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, 2024ల ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు 2000 కేలరీల ప్లేటుల 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలె, కానీ అది పెద్దోళ్ల లెక్క. చిన్న పిల్లలకు డాక్టర్లు చెప్పే తేలిక లెక్క ఏందంటే, ఏడాది వయసుకు ఒక పెద్ద చెంచ. రెండేండ్ల పిల్లకు ఒక పూట రెండు పెద్ద చెంచల కూర, మూడేండ్లకు మూడు. గిన్నె నిండ పెట్టి మొత్తం ఒడగొట్టాలె అంటే ఆ గిన్నె చూసే సగం భయపడుతరు. కొంచెమే పెట్టుండ్రి, మల్ల అడిగితే మల్ల పెట్టుండ్రి. ఇంకోటి, ఒక్క పూట చూసి ఫికర్ పడొద్దు, వారం మొత్తం మీద ఏమేం తిన్నడో చూడాలె, ఒకరోజు తక్కువ తిన్న పిల్ల ఇంకోరోజు సరిజేసుకుంటది.

పొద్దుగాల చాయ్, బిస్కెట్ అలవాటు. దానికీ కూరగాయలకు ఏం సంబంధం?

ఉన్న సంబంధమంత అక్కడ్నే ఉన్నది. మన ఇండ్లల్ల ఒక రోజు ఎట్ల నడుస్తదో చూడుండ్రి. పొద్దుగాల లేవంగనే తాత ఒళ్ళ కూసోని చాయ్‌ల బిస్కెట్లు ముంచుకోని రెండు మూడు, తొమ్మిదింటికి టిఫిన్ రెండు ముక్కలు తిని వద్దంటడు కాబట్టి పది గంటలకు గ్లాసెడు పాలు, పదకొండింటికి పక్కింట్ల ఆడుకోను పోతే వాళ్లు చేతిల ఇంత కారపూస పెడుతరు, పన్నెండింటికి కిరాణం కాడ ఏడిస్తే ఐదు రూపాయల ప్యాకెట్, ఒంటిగంటకు మనం బీరకాయ కూర కలిపి ముద్ద పట్టుకోని వెనుక ఉరుకుతం. ఆ పిల్లగానికి ఆకలి ఎక్కడుంటది చెప్పుండ్రి? ఆకలి లేని నోటికి బిర్యానీయే ఎక్కదు, బీరకాయ ఎట్ల ఎక్కుతది?

నా అభిప్రాయం గట్టిగనే చెప్తున్న, కూర ఎట్ల వండాలె అనేదానికంటే ముందు మధ్యల ఏం పడుతున్నదో చూసుకోవాలె. తిండికి తిండికి మధ్య రెండున్నర నుంచి మూడు గంటలు గ్యాప్ ఉండాలె, ఆ గ్యాప్ల మంచినీళ్లు తప్ప ఏం వద్దు. అంటే రోజుకు మూడు పూటల బువ్వ, మధ్యల ఒకటి రెండుసార్లు పండో గుడాలో, అది కూడ టైంకు, చేతికి దొరికినప్పుడల్ల కాదు. చాయ్ అయితే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, అంటే మన దేశంల పిల్లల డాక్టర్ల సంఘం వాళ్లు 2019లనే ఐదేండ్లలోపు పిల్లలకు వద్దని చెప్పిండ్రు, ఎందుకంటే చాయ్‌ల ఉండే టానిన్లు తిండిల ఉన్న ఐరన్ను ఒంటికి పట్టనియ్యవు. తాతను ఎట్ల ఒప్పించాలె అంటరా, చాయ్ బంద్ పెట్టు అంటే ఆయినకు కోపమొస్తది. "బాపూ, నువ్వు చాయ్ తాగేటప్పుడు మనుమనికి అరటిపండు నీ చేత్తోనే తినిపియ్యి" అంటే ఆయిన పనీ ఆయినకుంటది, వాని పండూ వాడు తింటడు.

కూర తినకున్నా పాలు బాగ తాగుతడు. అది చాలదా?

చాలదు. పాలల్ల ఐరన్ దాదాపు లేనట్టే, పీచు అసలే లేదు. రోజుకు అర లీటర్ దాటితే కడుపు పాలతోనే నిండుతది, రక్తం తక్కువైతది, దొడ్డికి గట్టిగ వస్తది. ఏడాది దాటిన పిల్లకు రోజుకు రెండు చిన్న గ్లాసులు సరిపోతయి, అవి కూడ బువ్వ తిన్నంక, బువ్వకు ముందు కాదు. రాత్రి పాలసీసా నోట్ల పెట్టుకోని పండే అలవాటు ఉంటే ముందు అది బంద్ చెయ్యుండ్రి, దంతాలు పుచ్చిపోతయి.

ఒకసారి క్యారెట్ పెట్టిన, ఊంచేసిండు. మల్ల పెట్టాల్నా?

పెట్టాలె. కొత్త కూరగాయ నోటికి అలవాటు కావాలంటే ఎనిమిది నుంచి పదిహేనుసార్లు రుచి చూడాల్సి వస్తదని పరిశోధనలు చెప్తున్నయి, మనమేమో మూడోసారికే "మావోనికి క్యారెట్ పడది" అని డిక్లేర్ చేస్తం. ముట్టుకున్నా, వాసన చూసినా, నాలికకు తాకిచ్చి ఊంచినా కొంత పరిచయం అయినట్టే. వారంల రెండు మూడుసార్లు, చాలా కొంచెం, వాడు ఇష్టంగ తినే పప్పన్నం పక్కకు పెట్టుండ్రి. తిన్నవా లేదా అని అడగొద్దు. ఊంచితే మొఖం మాడ్చుకోవద్దు, తీసి పక్కకు పెట్టి మన తిండి మనం తినాలె అంతే.

తింటే చాక్లెట్ ఇస్త అంటే తింటున్నడు. తప్పా?

ఆ పూటకు పని అయితది, కానీ వాని మైండ్ల ఏం పడుతదంటే కూర అనేది శిక్ష, చాక్లెట్ అనేది బహుమతి అని. రేపు చాక్లెట్ లేకపోతే కూర కూడ లేదు. అట్లనే "తినకపోతే బూచోడొస్తడు", "పోలీసోనికి పట్టిస్త" అనేటియి కూడ వద్దు. ముక్కు మూసి నోట్ల కుక్కుడైతే అసలే వద్దు, గొంతుల పడితే ప్రమాదం. ఏం పెట్టాలె, ఎప్పుడు పెట్టాలె అనేది మన చేతిల ఉన్నది, ఎంత తినాలె అనేది వాని కడుపుకు తెలుసు. ఇది మన పెద్దోళ్లకు అస్సలు మింగుడుపడది, నాకు తెలుసు.

ఫోన్ పెడితేనే నోరు తెరుస్తది. ఏం చెయ్యాలె?

ఫోన్ చూసుకుంట తినే పిల్లకు నోట్లకు పోయింది దొండకాయనా ఆలుగడ్డనా కూడ తెల్వది, కడుపు నిండింది కూడ తెల్వది, ఇంక రుచి ఎట్ల అలవాటు అయితది? ఒకేసారి అన్ని పూటలు మాన్పించలేకపోతే ముందు పగటీలి బువ్వకు మాన్పించుండ్రి. రెండు మూడు రోజులు లొల్లి ఉంటది. ఇంట్ల అందరు కింద చాప మీద కూసోని, పిల్లకు కూడ వేరే తల్లె ఇచ్చి, చేత్తోని పిసుక్కున్నా పారబోసినా చూసీ చూడనట్టు ఉండుండ్రి. అర్ధగంటల ముగించుండ్రి, తినకున్నా తల్లె తీసెయ్యుండ్రి, మల్ల టైం అయినప్పుడే పెట్టుండ్రి. మన చేతిల ఫోన్ కూడ పక్కకు పెట్టాలె, అది రాయకపోతే ఇంట్ల మా ఆయిన చదివి నవ్వుతడు.

కూరగాయలు కనపడకుండ దాచిపెట్టి పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ అదొక్కటే చేస్తే ఆ కూరగాయను పిల్ల ఎప్పటికీ గుర్తుపట్టది. పప్పుల సొరకాయ మెత్తగ ఉడికించి పెడితే తింటది గానీ పెద్దగైనంక సొరకాయ చూడంగనే వద్దే అంటది. అందుకే రెండూ నడవాలె. ఒక పూట కలిపి, ఒక పూట కనపడేటట్టు.

కలిపేటందుకు మన వంటలే మస్తు. సర్వప్పల సొరకాయ తురుము వేస్తే పిండికి నీళ్లు కూడ తక్కువ పడుతయి, అంచులు కరకర కాలితే పిల్లలు ఆ అంచు కోసం కొట్లాడుకుంటరు, మెంతికూర సన్నగ తరిగి వేసినా అంతే, కానీ చిన్నోళ్లకు పెట్టేదాంట్ల పల్లీలు కచ్చాపచ్చాగ దంచి వెయ్యుండ్రి, గింజ గింజ ఉండొద్దు. మక్క గారెల పిండిల ఉల్లిగడ్డతోపాటు క్యారెట్ తురుము. పప్పుచారుల మునక్కాయ, గుమ్మడికాయ. గుమ్మడికాయ తియ్యగ ఉంటది కాబట్టి మొదటిసారి కూర తినే పిల్లకు అదే మంచి మొదలు అని నా అనుభవం. దోశ పిండిల పాలకూర రుబ్బి కలిపితే పచ్చ దోశ అయితది, కొందరు పిల్లలు ఆ రంగు చూసి ఉరుకుతరు, కొందరు దాని కోసమే అడుగుతరు, మీ పిల్ల ఏ బాపతో చూసుకోండ్రి. టమాట తొక్కు కారం లేకుండ చేసి చపాతీకి రాసి చుట్టిస్తే చేత్తోని పట్టుకోని తింటరు, కానీ కూసోనే తినాలె. అంగన్‌వాడిల ఏడు నెలల నుంచి మూడేండ్ల దాక పిల్లలకు ఇచ్చే బాలామృతం ఉంటది కదా, దాన్ని జావ కాచినప్పుడు ఉడకబెట్టిన క్యారెట్ గుజ్జో, అరటిపండో, బొప్పాయో కలపొచ్చు.

ఒక్క మాట, పిల్ల కనిపెట్టి "ఇండ్ల ఏమున్నది?" అని అడిగితే అబద్ధం చెప్పకుండ్రి. ఒకసారి దొరికిపోతే పప్పు కూడ అనుమానంగ చూస్తరు.

మా ఇంట్ల కూరలు కారంగ ఉంటయి, పిల్లకు వేరే వండే ఓపిక లేదు.

వేరే వండొద్దు. కూర ఉడికినంక కారం వేసే ముందు పిల్ల వంతు ఒక చిన్న గిన్నెల తీసి పక్కకు పెట్టుండ్రి, అంతే పని. చానామంది పిల్లలు కూరగాయను కాదు, కారాన్ని వద్దంటున్నరు, మనకది తెల్వక "వంకాయ తినడు" అంటం. మనది మిర్చి పండే జిల్లా, ఎనుమాముల మార్కెట్ల మిర్చి ఘాటుకు తుమ్మనోడు లేడు, మనకు కారం తక్కువైతే ముద్ద దిగది, పిల్ల నాలికకు ఆ అలవాటు మెల్లగ రావాలె. మన వరంగల్ చపాటా మిర్చికి 2025ల జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతం ప్రత్యేక పంట అనే గుర్తింపు వచ్చింది కదా, దాంట్ల రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, ఎర్రగ కనపడాలె కానీ మండొద్దు అనుకునేటోళ్లు మూడేండ్లు దాటిన పిల్లల కూరల చిటికెడు అది వేసి చూడొచ్చు. ఉప్పు కూడ తక్కువనే. ఏడాదిలోపు పిల్లకు ఉప్పు, చక్కెర, తేనె వద్దు, తేనె అయితే ప్రమాదమే.

ఆకుకూరలు ఎట్ల అలవాటు చెయ్యాలె?

పులుపుతోని మొదలువెట్టుండ్రి. పాలకూర చప్పగ ఉంటది, తోటకూర మట్టి వాసన అంటరు, కానీ పుంటికూర పప్పు, చింతచిగురు పప్పు, గంగవాయిలి కూర పప్పు పుల్లగ ఉంటయి కాబట్టి పిల్లలు లొట్టలేసుకుంట తింటరు, ఇంత నెయ్యి వేస్తే ఇంక ఢోకా లేదు. నెయ్యో నూనో కొంచెం ఉండాలె కూడ, ఆకుల్ల, క్యారెట్ల, గుమ్మడికాయల ఉండే బీటా కెరోటిన్ కొవ్వు ఉంటేనే ఒంటికి పడుతది, అదే విటమిన్ ఏ అయితది. ఆకుకూరల ఐరన్ పట్టాలంటే పైన నిమ్మకాయ పిండాలె, లేదంటే తిన్నంక జామ ముక్క పెట్టినా సరిపోతది. కాడలు తీసేసి ఆకు సన్నగ తరుగుండ్రి, నోట్ల నారలు తగిలితే ఊంచుతరు.

మేడ మీద పాత టబ్బుల మన్ను పోసి పిల్లతోని మెంతులు చల్లించుండ్రి. నాలుగైదు రోజులకే మొలుస్తయి, రోజు నీళ్లు పోసి చూసుకున్న కూరను ఒక్క ముద్దన్న నోట్ల పెట్టుకుంటరు. అద్దె ఇండ్లల్ల కిటికీల డబ్బా పెట్టినా నడుస్తది.

కాకరకాయ?

ఆగుండ్రి, తొందర లేదు. అది తినని పెద్దోళ్లే ఎంతమంది లేరు.

పండ్లు అంటే ఆపిల్, దానిమ్మనే కొనాల్నా? రేట్లు చూస్తే భయమైతున్నది.

అస్సలు అవసరం లేదు. జామపండుల 100 గ్రాములకు 200 మిల్లీగ్రాముల పైనే విటమిన్ సి ఉంటది, ఆపిల్ల పది కూడ ఉండది, రేటేమో ఉల్టా. దవాఖానకు చూడవోయేటోళ్లు ఆపిల్ పట్టుకపోవుడు అలవాటై దానికి అంత పేరొచ్చింది గానీ, చెడ్డ పండేం కాదు. లక్ష్మీపురం మార్కెట్ల సీజన్ల ఏది కుప్పలు పోస్తరో అది కొనుండ్రి, అప్పుడే చవ్క, అప్పుడే రుచి. బొప్పాయి, అరటి, సపోటా చానా నెలలు దొరుకుతయి. దసరా అటు ఇటు సీతాఫలం, సంక్రాంతికి రేగుపండ్లు, ఎండకాలం తాటిముంజలు, పుచ్చకాయ, జగిత్యాల దిక్కు నుంచొచ్చే మామిడి, వానలు పడంగనే అల్లనేరేడు. ములుగు, ఏటూరునాగారం దిక్కు చుట్టాలుంటే తునికిపండ్లు, మొర్రిపండ్లు తెప్పించుకోండ్రి, మన చిన్నప్పుడు గంపల్ల అమ్మొచ్చేటియి, ఇప్పటి పిల్లలకు పేర్లు కూడ తెల్వయి.

గింజల సంగతి మాత్రం మర్చిపోవద్దు. సీతాఫలం, రేగు, నేరేడు గింజలు తీసే పెట్టాలె, ద్రాక్షపండ్లు నిలువుగ నాలుగు ముక్కలు కొయ్యాలె, పచ్చి క్యారెట్ ముక్కలు, పూర్తి పల్లీలు నాలుగైదేండ్ల దాక ఇయ్యొద్దు. గొంతుల ఇరుక్కుంటే క్షణాల్ల ప్రాణం మీదికొస్తది, అందుకే తినేటప్పుడు కూసుండాలె, ఉరుకుడు, నవ్వించుడు వద్దు.

జ్యూస్ చేసి ఇస్తే నడుస్తదా?

పండు ఉండంగ జ్యూస్ ఎందుకు? పీచంత జాలిల ఉండిపోతది, తీపి గ్లాసుల పడుతది. పిల్లల డాక్టర్ల సంఘం లెక్క ప్రకారం రెండేండ్ల లోపు జ్యూస్ వద్దు, ఐదేండ్ల దాక ఎక్కువల ఎక్కువ రోజుకు 125 మిల్లీలీటర్లు, అది కూడ ఇంట్ల చక్కెర లేకుండ తీసింది. డబ్బాల జ్యూస్ను పండు కింద లెక్కపెట్టకుండ్రి.

అరటిపండు, జామపండు తింటే సర్ది అయితదని మా అత్తమ్మ పెట్టనియ్యది.

సర్ది వైరస్తోని వస్తది, పండుతోని కాదు. కానీ అత్తమ్మతోని వాదం పెట్టుకోని గెలిచినోళ్లు ఎవరున్నరు? ఫ్రిజ్ల నుంచి తీసి సల్లగ పెట్టకుండ్రి, రాత్రిపూట కాకుండ ఎండ ఉన్నప్పుడు పెట్టుండ్రి, "డాక్టర్ పెట్టమన్నడు అత్తమ్మా" అనుండ్రి. రెండు వారాలు ఏం కాకపోతే ఆమెనే కోసి పెడుతది.

కార్బైడ్ పెట్టి పండిస్తరంట కదా, పెట్టాల్నంటే భయమైతున్నది.

కాల్షియం కార్బైడ్తోని పండ్లు మాగపెట్టుడు మన దేశంల నిషేధం, ఇథిలీన్ గ్యాస్తోని మాగపెట్టుడుకు అనుమతి ఉన్నది. సీజన్ రాకముందే దిగిన పసుపుపచ్చ మామిడికి దూరంగ ఉండుండ్రి, వీలైతే కాయలు తెచ్చుకోని గడ్డిలనో బియ్యం డబ్బాలనో మాగపెట్టుకోండ్రి. ఏ పండైనా నల్ల కింద పారే నీళ్లల్ల రుద్ది కడిగి పెట్టుండ్రి. భయపడి పండే బంద్ పెట్టుడు మాత్రం నష్టం.

అంగన్‌వాడిల అన్నీ తింటదంట, ఇంట్ల మాత్రం తినది. నాటకమా?

నాటకం కాదు, అక్కడ అందరు పిల్లలు ఒక వరుసల కూసోని ఒకటే తింటరు, వేరే ఆప్షన్ లేదు, వెనుక ఉరికేటోళ్లు లేరు, పొద్దటి నుంచి ప్యాకెట్లు లేవు. మా అక్క చెప్పేది ఏందంటే, ఇంటికాడ పప్పు ముట్టని పిల్ల పక్కపిల్ల తింటుంటే ఆమె తల్లె చూసుకుంట తనూ తింటదంట. ఇంట్ల కూడ చుట్టుపక్కల పిల్లలను పిలిచి ఒక పూట అందరికి కలిపి పెట్టి చూడుండ్రి.

కడుపుల పురుగులుంటే తినరా?

నులిపురుగులుంటే ఆకలి తగ్గొచ్చు, రక్తం తగ్గొచ్చు. ఏడాది నుంచి 19 ఏండ్ల వాళ్లకు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడిలల్ల, బడులల్ల ఆల్బెండజోల్ గోలీ ఫ్రీగ వేస్తరు, రెండేండ్ల లోపు వాళ్లకు సగం గోలీ. అది వేయించుండ్రి, చేతులు కడిగించుండ్రి. ఆకలి పెరిగే టానిక్ అని మెడికల్ షాపుల అడిగి తెచ్చి పొయ్యకుండ్రి, దాంట్ల కొన్ని నిద్రొచ్చే మందులుంటయి, డాక్టర్ రాస్తే వేరే సంగతి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పోవాలె?

బరువు పెరుగుడు ఆగినా తగ్గినా, మింగేటప్పుడు మాటిమాటికి దగ్గు, వాంతి అయితున్నా, మెత్తటియి తప్ప నమిలేటియి ఏవీ తినకపోయినా, తినే రకాలు రోజు రోజుకు తగ్గుకుంట వస్తున్నా పోవాలె. మట్టి, సున్నం, బలపాలు తింటుంటే తిట్టకుండ్రి, అది రక్తం తక్కువకు గుర్తు కావచ్చు, పరీక్ష చేయించుండ్రి. అంగన్‌వాడిల నెల నెల బరువు చూసి చార్ట్‌ల వేస్తరు, ఆ గీత ఎటు పోతున్నదో టీచరమ్మను అడుగుండ్రి. దండ, అంటే మోచేతి పైభాగం చుట్టు కొలిచే టేపు కూడ వాళ్ల దగ్గరుంటది, ఆర్నెల్ల నుంచి ఐదేండ్ల లోపు పిల్లకు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే ఆలస్యం చెయ్యకుండ దవాఖానకు పోవుడే. గీత సక్కగ పోతూ పిల్ల ఆడుకుంట ఉషారుగ ఉంటే మాత్రం పక్కింటోళ్ల పిల్లతోని పోల్చుకోని బాధపడొద్దు.

లాస్ట్ ప్రశ్న. ఆలుగడ్డ ఒక్కటే తింటడు, అది కూరగాయ కిందికే వస్తది కదా?

వండేటోళ్లకు వస్తది, లెక్కకు రాదు. డబ్ల్యూహెచ్ఓ, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే రోజుకు 400 గ్రాముల పండ్లు కూరగాయల్ల ఆలుగడ్డ, మొరంగడ్డ లాంటి దుంపలను కలపరు, అవి బువ్వ జాతి. కానీ వాడు ఆలుగడ్డ తింటున్నడంటే అది మీ చేతిల ఉన్న దారి. ఆలుగడ్డ కూరల నాలుగు బఠానీలు మెదిపి వెయ్యుండ్రి, ఇంకోసారి ఆలు మెంతికూర, ఇంకోసారి ఆలు వంకాయ, ఆలుగడ్డ ముక్కలు తగ్గించుకుంట పక్కదాన్ని పెంచుకుంట పోవుండ్రి. ఏరి పక్కకు పెడితే పెట్టనియ్యుండ్రి. చిప్స్ ప్యాకెట్ను మాత్రం ఆలుగడ్డ అని నాకు చెప్పకుండ్రి.